గాయానికో కథ, ఊరికో మందు!

వైరు లేని ఫోనులో మాట్లాడటానికి 30 వేల మందికి పైగా ఒక ఊరు వెతుక్కుంటూ వెళ్లారని మీకు తెలుసా? ఆ ఊరు జపాన్‌లోని ఓట్సుచి. ఫోను పాతకాలం నల్లటి డయల్ ఫోను. దాన్నుంచి ఏ ఎక్స్ఛేంజికీ తీగ లేదు. సిమ్ము లేదు, సిగ్నల్ లేదు. అయినా ఎవరో ఒకరు వచ్చి "హలో" అంటూనే ఉన్నారు!

దాన్ని పెట్టింది ఇతారు ససాకి. తోటలు తీర్చిదిద్దడం ఆయన పని. క్యాన్సర్‌తో పోయిన దగ్గరి చుట్టంతో మాట్లాడుకోవాలనిపించి 2010లో తన తోటలో తెల్లటి అద్దాల గది నిలబెట్టి, అందులో ఫోను పెట్టుకున్నారు. కొద్ది నెలలకే, 2011 మార్చి 11న, సునామీ వచ్చింది. ఓట్సుచి జనాభాలో ఇంచుమించు పదో వంతు పోయారు. ససాకి ఆ గది తలుపు అందరికీ తెరిచారు. జనం లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటారు. సముద్రంలో కలిసిపోయిన ఇంటి నంబరును వేలితో ఒక్కో అంకె తిప్పుతారు. తిన్నావా, చలేస్తోందా, పిల్లలు బాగానే ఉన్నారు... ఇలాంటి మాటలే. కొందరు ఒక్క మాటా అనరు. రిసీవర్ చెవికి ఆనించుకుని కాసేపు నిలబడి వచ్చేస్తారు. పక్కన నోటు పుస్తకం ఉంటుంది, రాయాలనిపించినవాళ్లు రాస్తారు. అవతల నుంచి జవాబు రాదు. అయినా రాంగ్ నంబర్ అని ఎవరూ పెట్టేయరు!

వింతగా ఉందా? జపాన్‌వాళ్లకు కాదు. అక్కడ చాలా ఇళ్లలో పోయిన పెద్దల కోసం ఒక చిన్న మందిరం ఉంటుంది. వాళ్లకు అన్నం పెట్టి, ఇంట్లో సంగతులు చెప్పడం తరతరాల అలవాటు. ఫోను కొత్తదే, కబురు పాతది. ఇప్పుడు ఇలాంటి ఫోన్లు ప్రపంచంలో వందల చోట్ల వెలిశాయి. ఇంత బిజీ లైను ఏ కంపెనీకి ఉంది చెప్పండి!

అదే సునామీ తర్వాత దయ్యాలు ట్యాక్సీలెక్కాయని మీకు తెలుసా? ఇషినోమాకి నగరంలో ఒక విశ్వవిద్యాలయ విద్యార్థిని వంద మందికి పైగా డ్రైవర్లను అడిగింది. ఏడుగురు అవునన్నారు. ఎండాకాలంలో చలికోటు తొడుక్కున్న ఒకావిడ ఎక్కి, కొట్టుకుపోయిన పేట పేరు చెప్పిందట. అక్కడేమీ మిగల్లేదు కదా అంటే, "అయితే నేను చచ్చిపోయానా?" అని అడిగి మాయమైందట. ఆ డ్రైవర్లకు భయం వేయలేదు, జాలేసింది. మళ్లీ ఎక్కితే మళ్లీ దింపుతామన్నారు. మీటరు వేశారు కాబట్టి ఆ చార్జీ తమ జేబులోంచే కట్టారు కూడా!

మనసుకు తగిలిన దెబ్బను వైద్యులు పీటీఎస్‌డీ అంటారు. దాని వయసెంతో చెప్పగలరా? అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలోకి ఆ పేరు ఎక్కింది 1980లో. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల తరఫున పోరాడి మరీ ఎక్కించారు. మన ‘శంకరాభరణం’ విడుదలైంది కూడా 1980లోనే. రెండూ ఒకే ఈడువి!

పేరు నిన్నటిది, బాధ మాత్రం కాదు. క్రీ.పూ. 490లో మారథాన్ యుద్ధంలో ఎపిజెలస్ అనే ఏథెన్స్ సైనికుడికి ఒంటి మీద గీత కూడా పడకుండానే చూపు పోయిందని హెరొడోటస్ రాశాడు. డాలును కప్పేసేంత గడ్డమున్న ఒక మహాకాయుడు ఎదురొచ్చి, తనను వదిలి పక్కవాడిని చంపాడని ఆ సైనికుడు చెప్పుకునేవాడట. 2,500 ఏళ్ల నాటి కేసు షీటు!

ఇంకా వెనక్కి వెళ్దామా? యుద్ధం నుంచి వచ్చినవాడు ఉలిక్కిపడుతుంటే మెసొపొటేమియాలో ఏమనుకునేవారో తెలుసా? వాడి చేతిలో చచ్చినవాళ్ల ఆత్మలే వాణ్ని పట్టుకున్నాయని. చంపినవాడికి చచ్చినవాడే శిక్ష!

చార్లెస్ డికెన్స్ రైలు ప్రమాదంలో చిక్కుకున్నాడని మీకు తెలుసా? 1865 జూన్ 9, ఇంగ్లండ్‌లోని స్టేపుల్‌హర్స్ట్. పది మంది పోయారు. ఆయన గాయపడినవాళ్లకు సాయం చేసి, మళ్లీ ఆ పెట్టెలోకే ఎక్కి రాస్తున్న నవల ప్రతిని తెచ్చుకున్నాడు. అప్పటి నుంచి రైలెక్కితే వణుకు. మనసు అదిరిందని చెప్పే మాట ఆ కాలంలో లేదు. రైలు కుదుపుకు వెన్నెముకే అదిరిందని 1866లో ఒక డాక్టరు పుస్తకమే రాశాడు. డికెన్స్ పోయిందెప్పుడో తెలుసా? 1870 జూన్ 9న. అయిదేళ్ల తర్వాత సరిగ్గా అదే తేదీ!

ఇంటి మీద బెంగ ఒకప్పుడు ప్రాణాలు తీసే వ్యాధి! 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్యుడు ఊరికి దూరమైన స్విస్ జనాన్ని చూసి దానికి గ్రీకు మాటలతో ఒక పేరు పెట్టాడు. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో సైనిక వైద్యులు వేల మంది సైనికులకు ఇదే జబ్బు రాసిచ్చారు. హాస్టల్లో ఉన్న పిల్లలూ, మీ బెంగకు 300 ఏళ్ల మెడికల్ సర్టిఫికెట్ ఉంది!

ఖ్మేర్ రూజ్ పాలన (1975-79) నుంచి బతికి బయటపడ్డ కంబోడియావాళ్లలో చాలామంది డాక్టరుకు ముందుగా చూపించేది ఏమిటో తెలుసా? మెడ! ఒంట్లో గాలి పైకి తన్ని మెడనరాలు చిట్లుతాయని వాళ్ల భయం. ఇంటివైద్యం కూడా గాలికే. ఒంటికి తైలం రాసి, నాణెం అంచుతో గీకుతారు. ఎర్రటి చారలు తేలితే గాలి దిగినట్టు. అమెరికా వైద్యుల గ్రంథం 2013లో ఈ గాలి బాధతో పాటు దేశదేశాల బాధలు తొమ్మిదింటికి వెనక పేజీల్లో చోటిచ్చింది. నాణెం వైద్యం నాలుగు సముద్రాలు దాటింది!

తల్లి భయం పాలలోంచి బిడ్డకు దిగుతుందా? దిగుతుందనే అంటారు పెరూ కొండల్లోని క్వెచువా తల్లులు. 1980-2000 మధ్య అక్కడి హింసకు 69 వేల మందికి పైగా బలయ్యారని సత్యశోధన సంఘం అంచనా. ఆ తల్లుల నమ్మకం మీద తీసిన ‘లా తేతా అసుస్తాదా’ అనే సినిమా 2009లో బెర్లిన్ చిత్రోత్సవంలో బంగారు ఎలుగుబంటిని గెలుచుకుంది. పల్లె తల్లుల మాటకు ప్రపంచం లేచి చప్పట్లు కొట్టింది!

ఇప్పుడు ఒక క్విజ్ ప్రశ్న. జింబాబ్వే రాజధాని హరారేలో ఒక మానసిక వైద్యుడికి గది ఇవ్వలేదు, నర్సులను ఇవ్వలేదు. ఆయనకు దక్కింది ఎవరు? 14 మంది అమ్మమ్మలు! 2005లో ప్రభుత్వం పేదల ఇళ్లను బుల్డోజర్లతో కూల్చేసింది. లక్షల మంది వీధిన పడ్డారు. మరుసటి ఏడాది డాక్టర్ డిక్సన్ చిబాండా ఆ అమ్మమ్మలకు తర్ఫీదిచ్చి, చెట్టు నీడన ఒక చెక్క బెంచీ వేయించారు. దానికి మానసిక ఆరోగ్య బెంచీ అని పేరు పెట్టారు. ఒక్కరూ కూర్చోలేదు! "నాయనా, ఆ పేరు తీసెయ్, స్నేహ బెంచీ అను" అన్నారు అమ్మమ్మలు. జనం బారులు తీరారు.

అమ్మమ్మలు అక్కడ జబ్బు పేర్లు ఎత్తరు. మనసు మరీ ఎక్కువ ఆలోచిస్తోందా అని అడుగుతారు. జింబాబ్వే పల్లెల్లో బాధను అలాగే చెప్పుకుంటారు మరి. తర్వాత ఉన్న చిక్కుల్లో ఒక్కదాన్ని ఎంచుకోమంటారు, దాని సంగతి మాత్రమే తేలుస్తారు. 573 మందితో పరీక్షించి చూస్తే మామూలు వైద్యం కన్నా బెంచీ వైద్యమే బాగా పనిచేసిందని తేలింది. 2016లో అమెరికా వైద్య సంఘం పత్రిక ఆ ఫలితాలు అచ్చువేసింది. మన ఇంటి అమ్మమ్మ కూడా "ఎక్కువ ఆలోచించకురా" అనే కదా అంటుంది! ఇన్నాళ్లూ ఫీజు లేకుండా చూస్తోంది పాపం.

కథ చివర్లో గెలిచి తీరాలి అన్నది ఎవరి రూలో తెలుసా? అమెరికావాళ్లది! నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో డాన్ మక్ఆడమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి జనం జీవితకథలు విన్నారు. కష్టం వచ్చింది, దాంతోనే నేను మెరుగయ్యాను, ఇప్పుడు పదిమందికి సాయపడుతున్నాను అనే వరస అక్కడ మళ్లీ మళ్లీ వినిపించింది. 2006లో దాని మీద పుస్తకమే రాశారు. ఇంటర్వెల్‌లో దెబ్బ, క్లైమాక్స్‌లో గెలుపు!

దెబ్బ తిన్నాక మనిషి ఎంత ఎదిగాడో కొలిచే ప్రశ్నపత్రం ఉందని మీకు తెలుసా? 1996లో అమెరికాలోనే తయారైంది. 21 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు. మొత్తం 105. నూటికి నూట అయిదు! ప్రశ్నలు మంచివే. కానీ ఇల్లు మునిగి ఏడుస్తున్న మనిషిని పట్టుకుని "దీన్నుంచి ఏం నేర్చుకున్నావ్?" అనడం నాకు ససేమిరా నచ్చదు. ఎదగకపోతే ఫెయిలేమీ కాదు.

కాగితపు కొంగల సదాకో కథ మీకు తెలుసు కదా? హిరోషిమా పాప. 12 ఏళ్లకే, 1955లో, రక్తక్యాన్సర్‌తో పోయింది. వెయ్యి కొంగలు మడవాలనుకుని 644 దగ్గర ఆగిపోయిందని, మిగతావి స్నేహితులు పూర్తిచేశారని మనమంతా చదువుకున్నాం. ఆ లెక్క 1977లో అమెరికాలో వచ్చిన పిల్లల పుస్తకంలోది. హిరోషిమాలో అడిగి చూడండి. ఆ పాప వెయ్యి దాటేసింది, దాటాక కూడా మడుస్తూనే ఉంది! ఒక దేశం ఆ కథను సగంలో ఆపి స్నేహితుల చేతుల్లో పెట్టింది, ఆమె ఊరు మాత్రం ఆమె చేతుల్లోనే ఉంచింది. నాకైతే ఊరు చెప్పిందే ఇష్టం.

అదే హిరోషిమాలో మొతోమాచి హైస్కూలు పిల్లలు 2007 నుంచి ఏం చేస్తున్నారో తెలుసా? బాంబు నుంచి బతికిన ముసలివాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు చూసింది విని, నూనె రంగుల్లో బొమ్మలు వేస్తున్నారు. ఆకాశం ఇంత ఎరుపు కాదు, ఆ చెయ్యి ఇలా లేదు అని పెద్దలు చెబుతుంటారు, పిల్లలు చెరిపి మళ్లీ వేస్తారు. ఒక్కో బొమ్మకు నెలల తరబడి పడుతుంది. అనుభవం తాతది, కుంచె మనవరాలిది!

బాధ జరిగిన వెంటనే కక్కించేస్తే మంచిదనుకుంటున్నారా? ఆగండి! ప్రమాదం జరిగిన కొద్ది రోజుల్లోనే బాధితులను కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతి ఒకటి 1980ల్లో పాశ్చాత్య దేశాల్లో పుట్టి ప్రపంచమంతా పాకింది. తీరా పరిశోధనలన్నీ కూడదీసి చూస్తే, ఒక్క విడతలో చెప్పించేయడం వల్ల మేలు కనిపించలేదు. కొందరికి ఇంకా ఇబ్బందే అయింది. వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పేసింది. మాట్లాడించే ముందు మంచినీళ్లివ్వండి!

1994లో రువాండాలో దాదాపు 100 రోజుల్లో 8 లక్షల మందిని చంపేశారు. తర్వాత సాయం చేద్దామని విదేశీ సలహాదారులు వచ్చారు. బాధితులను ఒక్కొక్కరినీ చిన్న గదిలోకి తీసుకెళ్లి జరిగిన చెడంతా గంటసేపు చెప్పించారు. ఎండలో కూర్చోబెట్టరు, డప్పు కొట్టరు, ఊరిని పిలవరు, ఇదేం వైద్యమని జనం విసిగిపోయి వాళ్లను పంపించేశారని ఒక రువాండా మనిషి తనతో అన్నట్టు రచయిత ఆండ్రూ సోలొమన్ చెప్పారు. డాక్టరును రోగులే డిశ్చార్జి చేశారు!

మరి ఆ రువాండాలోనే ఆడవాళ్లు ఏం చేశారో తెలుసా? అప్పటిదాకా అక్కడ డప్పు మగవాళ్ల సొత్తు. 2004లో ఓడిల్ గకిరె కటేసె అనే రచయిత్రి రెండు తెగల ఆడవాళ్లనూ కలిపి ఇంగోమా న్‌ష్యా అనే డప్పు బృందం పెట్టారు. భర్తలను పోగొట్టుకున్నవాళ్లు, జైల్లో ఉన్న హంతకుల భార్యలు ఒకే వరసలో నిలబడి వాయించారు. ఆ బృందమే 2010లో ఐస్‌క్రీమ్ కొట్టు కూడా తెరిచింది. చేదు తిన్న చేతులతో తీపి!

దాదాపు 19 లక్షల కేసులు, 12 వేల కోర్టులు. జడ్జీలు ఎవరు? ఊరివాళ్లే! రువాండాలో గచాచా అనే పచ్చిక మీది పంచాయతీలు 2012లో మూతపడే దాకా ఇన్ని తేల్చాయి. అవి ఆతురపడ్డాయని, తప్పులు చేశాయని విమర్శలున్నాయి. నిజమే. కానీ మా అన్నను ఎక్కడ పూడ్చారో చెప్పండి అనే ప్రశ్నకు చాలామందికి జవాబు దొరికింది అక్కడే.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన పిల్లాడికి మొజాంబిక్‌లో ఏం చేస్తారో తెలుసా? 1992లో అంతర్యుద్ధం ముగిసి బాల సైనికులు ఇళ్లకు వచ్చారు. కొన్ని ఊళ్లలో పెద్దలు అడవిలో ఎండుగడ్డితో చిన్న గుడిసె వేశారు. దండులో వేసుకున్న బట్టలతోనే పిల్లాణ్ని లోపలికి పంపి, అక్కడ ఆ బట్టలు విప్పించి, గుడిసెకు నిప్పు పెట్టి వాణ్ని బయటికి తీసుకొచ్చారు. మూలికల పొగ పట్టించి, మందునీళ్లతో స్నానం చేయించారు. గుడిసె బూడిద, బట్టలు బూడిద. ఏం చేశావురా అని ఒక్క ప్రశ్న లేదు!

ఉత్తర ఉగాండాలో అయితే గుడ్డు తొక్కాలి! అచోలీ జనం తిరుగుబాటు దళాల నుంచి తప్పించుకు వచ్చిన పిల్లలను గుమ్మంలోనే ఆపి, నేల మీద కోడిగుడ్డు పెట్టి కాలితో తొక్కిస్తారు. గుడ్డు మచ్చ లేనిది, నోరు లేనిది. అది చితికితే బయటి మైల వదిలిందని లెక్క. ఆమ్లెట్ వేయకుండా గుడ్డుకు ఇంతకన్నా గొప్ప ఉద్యోగం ఉందా!

చెప్పుకోవడానికే వీల్లేని యుద్ధం చేసినవాళ్లు తెలుసా? రెండో ప్రపంచయుద్ధంలో నవాహో తెగవాళ్లు దాదాపు 400 మంది తమ భాషనే రహస్య సంకేతంగా వాడి అమెరికాకు సందేశాలు మోశారు. జపాన్ దాన్ని ఛేదించలేకపోయింది. ఇంటికొచ్చాక నోరు విప్పొద్దన్నారు. 1968 దాకా అది ప్రభుత్వ రహస్యం! కానీ యుద్ధం చూసొచ్చినవాళ్ల కోసం వాళ్ల తెగలో రోజుల తరబడి సాగే ఒక శుద్ధి క్రతువు ముందు నుంచీ ఉంది. గాయకులు పాడతారు, ఊరు కూడుతుంది. కథను సర్కారు బీరువాలో పెట్టింది, పాటకు మాత్రం తాళం వేయలేకపోయింది!

ఇక టిబెట్. దాదాపు 18 ఏళ్లు చైనా నిర్బంధంలో గడిపి ధర్మశాల చేరిన ఒక భిక్షువును దలైలామా అడిగారట, పెద్ద ప్రమాదమేమైనా వచ్చిందా అని. వచ్చిందన్నాడు. ప్రాణభయం కాదు! చైనావాళ్ల మీద జాలి పోగొట్టుకునే ప్రమాదమట. దలైలామా ఈ సంగతి ఎన్నో సభల్లో చెప్పారు. నోట మాట రాదు కదూ?

ఇప్పుడు ఈ విశేషాలన్నిటిలో నాకు అతి ఇష్టమైనది. 2004 డిసెంబరు 26 సునామీలో ఇండోనేషియాలోని ఆచే ప్రాంతంలో లక్షన్నరకు పైగా చనిపోయారు. భూకంప కేంద్రానికి అతి దగ్గరగా సిమెలూ అనే దీవి ఉంది. జనాభా సుమారు 78 వేలు. ఎంతమంది పోయారో ఊహించండి. వేలా? వందలా? ఏడుగురు!

ఎలాగంటారా? కథ కాపాడింది! 1907లో ఆ దీవిని పెద్ద అల ముంచేసింది. బతికినవాళ్లు ఆ బాధను దాచుకోలేదు. దానికి ‘స్మోంగ్’ అని పేరు పెట్టి పిల్లలకు కథగా చెప్పారు, జోలపాటల్లో కలిపారు. భూమి గట్టిగా ఊగాక సముద్రం వెనక్కి పోతే, చేపలేరుకోవడానికి పోవద్దు, కొండెక్కు. అంతే కథ. 97 ఏళ్ల తర్వాత భూమి ఊగింది. "స్మోంగ్! స్మోంగ్!" అని ఎవరో అరిచారు. లాంగీ అనే పల్లెకు అల చేరడానికి ఎనిమిది నిమిషాలే పట్టింది. సైరన్ లేదు, రేడియో హెచ్చరిక లేదు. దాదాపు 800 మంది, ముసలివాళ్లూ చంటిపిల్లలతో సహా కొండ మీదున్నారు. పల్లె పోయింది, మనిషి పోలేదు. ముత్తవ్వ కన్నీళ్లకు ముని మనవళ్లు బతికారు!

జపాన్ తీరంలో ఒక మొరటు సూత్రం ఉంది, తెలుసా? సునామీ వస్తే ఎవరి ప్రాణం వాళ్లు చూసుకుని పరుగెత్తాలి, అమ్మ కోసం కూడా ఆగకూడదు. రాతిగుండె అనిపిస్తుందా? అసలు సంగతి వినండి. ఇంట్లో అందరూ ముందే ఒప్పుకుని ఉంటారు కాబట్టి, బతికినవాడికి "నేను వదిలేసి వచ్చాను" అన్న బరువు కాస్త తగ్గుతుంది. గాయం తగలకముందే కట్టుకున్న కట్టు!

సునామీని ఒక రాయి ఆపగలదా? ఆపదు గానీ మనిషిని ఆపింది! 1933 సునామీ తర్వాత అనెయోషి ఊరివాళ్లు కొండవాలులో రాయి నాటి, దీని కింద ఇళ్లు కట్టొద్దని చెక్కారు. 2011లో అల ఆ రాయిని చేరకుండానే ఆగింది. పైనున్న ఇళ్లు చెక్కుచెదరలేదు.

రికుజెన్‌తకాతా తీరంలో 70 వేల పైన్ చెట్లుండేవి. సునామీ తర్వాత ఎన్ని మిగిలాయి? ఒక్కటి! 2012లో ఉప్పు నీటికి అదీ చచ్చిపోయింది. ఊరు ఊరుకుందా? 15 కోట్ల యెన్‌లు పోగుచేసి, మాను తొలిచి లోపల కడ్డీ దిగేసి, నకిలీ ఆకులు తగిలించి మళ్లీ నిలబెట్టింది. డబ్బు దండగని అన్నవాళ్లు అన్నారు. చెట్టు మాత్రం నిలబడే ఉంది!

శ్రీలంకలో దయ్యాన్ని ఎలా వదిలిస్తారో తెలుసా? నవ్వించి! రాత్రంతా సాగే సింహళ క్రతువులో 18 రోగ రాక్షసుల ముసుగులుంటాయి. మొదట్లో భయంకరంగా అరుస్తారు. తెల్లవారుజాముకు అదే రాక్షసుడు తడబడతాడు, బూతు జోకులేస్తాడు, జనం చేత చివాట్లు తింటాడు. రోగి నవ్వాడంటే సగం పని అయినట్టే!

జంట లేకుండా ఆడలేని నాట్యాన్ని ఒంటరిగా ఆడితే? చిలీలో సైనిక పాలన మాయం చేసిన మగవాళ్ల భార్యలు, తల్లులు 1978లో అదే చేశారు. కువేకా అనే ఆ జంట నాట్యాన్ని, గుండెల మీద తమవాడి ఫొటో పిన్ను పెట్టుకుని ఒక్కరే ఆడారు. పినోచే సైనిక ప్రభుత్వం మరుసటి ఏడాది ఆ కువేకానే జాతీయ నృత్యంగా ప్రకటించింది. ఆ నృత్యంలో లేనిదెవరో అప్పటికే దేశానికి తెలుసు!

పక్క దేశం అర్జెంటీనాలో పిల్లల లంగోటాలు నియంతను వణికించాయంటే నమ్ముతారా? 1977 ఏప్రిల్ 30న 14 మంది తల్లులు మాయమైన బిడ్డల కోసం మాయో కూడలికి వచ్చారు. గుంపుగా నిలబడకూడదు, నడవండి అన్నారు పోలీసులు. సరేనని ఇద్దరిద్దరుగా గుండ్రంగా నడిచారు! గుర్తు కోసం తలకు కట్టుకున్న తెల్ల గుడ్డలు మొదట్లో పసిపిల్లలకు కట్టేవే. గురువారం గురువారం ఆ నడక దశాబ్దాలు సాగింది. నడవమన్న పోలీసులు రిటైరైపోయారు!

సారాయెవో నగరానికి యుద్ధంలో 1,425 రోజుల ముట్టడి. తర్వాత అది కట్టుకున్న స్మారకాల్లో ఒకటి ఏమిటో తెలుసా? మాంసం డబ్బా! సాయంగా వచ్చిన ఆ డబ్బాలోది కుక్కలు కూడా ముట్టేవి కావని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 2007లో దాని నిలువెత్తు బొమ్మ పెట్టి, అంతర్జాతీయ సమాజానికి కృతజ్ఞతలతో అని రాశారు. అంత నవ్వగలిగారు కాబట్టే బతికారు.

అదే ఊళ్లో ఇంకోటి. ముట్టడిలో పెరిగిన పిల్లలు పెద్దయ్యాక, వాళ్లలో ఒకడైన యస్మింకో హలిలోవిచ్ వాళ్లందరినీ ఒక్కటే అడిగాడు: యుద్ధంలో నీ బాల్యం ఎలా గడిచింది? షరతు, 160 అక్షరాల్లో చెప్పాలి. వెయ్యి మందికి పైగా రాశారు. వాటితో కూర్చిన పుస్తకం 2013లో వచ్చింది. 2017లో అది మ్యూజియం అయింది. ఎస్ఎంఎస్ అంత కథలతో మ్యూజియం!

వేల్స్‌లో దుఃఖం వస్తే? పాడతారు! 1966లో అబెర్‌ఫాన్‌లో బొగ్గు గుట్ట బడి మీదికి జారి 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు చనిపోయారు. ఏడాదికి ఆ ఊరి మగవాళ్లు కలిసి గాయక బృందం పెట్టుకున్నారు. తమకోసం ఏడ్చేందుకు మాటలు రాని గని కార్మికులు గొంతు కలపడానికి వెనకాడలేదు. ఆ బృందం అర్ధ శతాబ్దం దాటింది!

న్యూ ఆర్లీన్స్‌వాళ్లు తుపానుతో ఏం చేశారో తెలుసా? ఫ్యాషన్ షో! 2005లో కత్రినా వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆరు నెలలకే మార్డీగ్రా పండుగ వచ్చింది. కూలిన కప్పుల మీద కప్పమని ప్రభుత్వం ఇచ్చిన నీలం టార్పాలిన్లతో గౌన్లు కుట్టుకుని ఊరేగారు!

ఫిన్లాండ్‌లో ఏడుపు పాటలు నేర్పే తరగతులున్నాయని మీకు తెలుసా? నిజంగానే! కరేలియా ఆడవాళ్ల పాత శోకగీతాల పద్ధతిని ఈ కాలం జనం నేర్చుకుంటున్నారు. మన పల్లెల్లో దానికి క్లాసెందుకు? చావింట్లో మెడలు కావిలించుకుని, పోయినవాడు ఏ ఏడు ఏ పొలం కొన్నాడో, ఎవరి పెళ్లికి ఎంత అప్పు చేశాడో వరసలు కలిపి రాగం తీసే అత్తలున్నారు. ఆ శోకాల్లో మనిషి జీవితచరిత్ర మొత్తం వచ్చేస్తుంది!

800 ఏళ్లు దాటిన యుద్ధానికి ఇప్పటికీ ఏటా అయిదు రోజులు కేటాయించే ఊరేదో చెప్పండి. పల్నాటి కారంపూడి! కార్తీక అమావాస్యకు వీర్ల తిరునాళ్లు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. యుద్ధాన్ని రోజుకో ఘట్టంగా తిరిగి జరుపుతారు. వీరుల ఆయుధాలైన కొణతాలను నాగులేటిలో కడుగుతారు. మందపోరు రోజు చాపకూడు. అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తింటారు. అన్నదమ్ములు కొట్టుకుని చచ్చిన నేల మీద సహపంక్తి భోజనం!

ఓడిపోయిన యుద్ధానికి కోటి మంది వస్తారా? మేడారానికి వస్తారు! కాకతీయ సేనలతో పోరులో కోయ వీరులు ఒరిగారు. సంపెంగ వాగులో దూకిన జంపన్న పేరే ఆ వాగుకు మిగిలింది. సమ్మక్క చిలుకలగుట్ట మీద కనుమరుగై కుంకుమభరిణగా దొరికిందంటారు. రెండేళ్లకోసారి ఆ భరిణ గుట్ట దిగుతుంది. జనం బెల్లాన్ని బంగారమని మొక్కుతారు. గెలిచిన సేనాపతి పేరు ఎవరికైనా గుర్తుందా?

బోనాలెత్తే ప్రతి అక్కచెల్లెలికీ ఇది తెలుసా? సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల వెనక ఉన్నది ఒక మహమ్మారి! 1813లో హైదరాబాద్‌లో జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఉజ్జయినిలో ఉన్న ఇక్కడి సైనిక పటాలంవాడైన సురిటి అప్పయ్య, ఊరు గట్టెక్కితే గుడి కడతానని అక్కడి అమ్మవారికి మొక్కాడనీ, 1815లో తిరిగొచ్చి కట్టాడనీ ఆలయ చరిత్ర. పోయినవాళ్ల లెక్క పోయింది, అన్నం కుండ మిగిలింది!

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. పదివేలకు పైగా జనం ఒక్క రాత్రిలో కొట్టుకుపోయారు. ఆ రోజు తాటిచెట్టు పట్టుకుని బతికిన పిల్లలకు ఇప్పుడు యాభై దాటింది. సిమెలూ దీవికి స్మోంగ్ ఎలాగో మనకు ఉప్పెన అలాగే. కాకపోతే వాళ్లు జోలపాటలో కట్టుకున్నారు, మనం ఇంకా పూర్తిగా కట్టుకోలేదు.

ఇక మీ వంతు! ఈసారి ఊరెళ్లినప్పుడు పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. 1977 ఉప్పెన కావచ్చు, 1986 గోదావరి వరద కావచ్చు, 2009లో మునిగిన కర్నూలు కావచ్చు. ఎలా గట్టెక్కారో అడగండి. చెప్పనంటే బలవంతపెట్టకండి, చెబితే మధ్యలో అడ్డుపడకండి. విన్నది 160 అక్షరాల్లో రాసి, పేరూ ఊరూ తేదీ వేసి ఇంట్లో పిల్లలకు చదివి వినిపించండి.